తొంభైరెండు మొలకలు

అట్టగోడ అవతల మేడమ్ ఒక్క అక్షరం కొట్టారు. టక్. అంతే, ఆ తర్వాత చప్పుడు లేదు. తడికాగితం చుట్టకున్న రబ్బరు తీయబోతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఒక్క అక్షరానికే ఆలోచనలో పడ్డారంటే ఇక ఉత్తరమంతా ఎప్పటికి అయ్యేను, అనుకుని ఆ పిల్ల గోడకేసి చూసింది. గోడలకు చెవులుంటాయంటారు గానీ కళ్ళూ నోరూ కూడా ఉంటే ఎంత బాగుండేది, మేడమ్ నవ్వుతున్నారో, నుదురు చిట్లించారో చెప్పి పుణ్యం కట్టుకునేది. "గంట పడుతుందమ్మాయ్," అన్నారు మేడమ్ లోపలికి వెళ్తూ, "ఊరికే కూర్చుని గోళ్ళు కొరుక్కోకు. గోధుమకి ఇవాళ ఎనిమిదో రోజు, నాలుగు చుట్టలూ లెక్కపెట్టెయ్." అప్పటికి మూడున్నర. నాలుగున్నరకి గేటు దగ్గరికి కొరియర్ వ్యాను వస్తుంది. ఆ వ్యానులో పడితే కవరు రేపు పొద్దున తను మారాలనుకుంటున్న యూనివర్సిటీలో ఉంటుంది, పడకపోతే ఇక ఎప్పుడు చేరినా ఒకటే, ఎందుకంటే రేపే ఆఖరి తేదీ. మార్కుల జాబితాలు, రెండేళ్ళలో చదివిన పాఠాల వివరాలు, ఎందుకు మారాలనుకుంటున్నారో చెప్పే రెండు పేజీలు, లెక్కల మాస్టారి ఉత్తరం, అన్నీ నెలనాడే బొత్తిపెట్టి కవర్లో పెట్టింది. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు, లేనిది మేడమ్ సిఫారసు ఉత్తరం ఒక్కటే. తప్పు మేడమ్‌ది కాదు. అడగడానికే ఈ పిల్లకి ఇరవై రోజులు పట్టింది. రోజూ పొద్దున అడుగుదామనుకోవడం, మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూడగానే నాలుక మడతపడి, "ఇసుక అయిపోయింది మేడమ్, తెప్పించాలి" అని ఏదో ఒకటి చెప్పి వచ్చెయ్యడం. ఇరవై రోజుల్లో ఆ విత్తనాల ల్యాబుకి ఏడాదికి సరిపడా ఇసుక వచ్చి పడింది.

చుట్ట విప్పింది. తడిసిన కాగితం మీద వంద గోధుమ గింజలు, వాటి తెల్లటి వేళ్ళు, లేత ఆకుపచ్చ మొనలు, ఒకదాన్నొకటి పెనవేసుకుని. ఒక్కోదాన్నీ ఫోర్సెప్స్‌తో ఎత్తాలి, వేరు చూడాలి, మొన చూడాలి. రెండూ బాగుంటే ఎడంవైపు, వంకరపోయినా తెగినా కుడివైపు, అసలు మొలవనిది గిన్నెలోకి. ఎడంవైపు కుప్పలో ఎన్నున్నాయో అదే అంకె. చెప్పుకోవడానికి ఇంతే, కాకపోతే ఆ అంకె నమ్ముకుని ఎవరెవరో నేల దున్నుకుంటారు, అందుకని మేడమ్ ఈ గదిలో దగ్గడానికి కూడా ఒప్పుకోరు. ఒకటి, రెండు, మూడు. గోడ అవతల టకటకా నాలుగు మాటలు పడ్డాయి, మళ్ళీ ఆగాయి. మేడమ్ రెండు వేళ్ళతోనే కొడతారు, ఆ చప్పుడు ఈ పిల్లకి రెండేళ్ళుగా అలవాటే, నోటీసు కొడుతున్నారో, కోపంగా జవాబు రాస్తున్నారో చప్పుడు విని చెప్పెయ్యగలదు, ఇవాళే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పదకొండు, పన్నెండు. "ఆ మేడమ్ దగ్గర ఉత్తరమా? కొరివితో తల గోక్కోవడమే!" అన్నాడు మూడుమునకల సీనియర్. యూనివర్సిటీ మారడానికి మూడేళ్ళు వరసగా దరఖాస్తు పెట్టి మూడుసార్లూ మునిగాడు గనక ఆ పేరు, పాపం తేలలేకపోయాడు గానీ లోతు మాత్రం కొలిచి చెబుతాడు. క్యాంటీన్లో బల్ల మీద వేలితో గీతలు గీస్తూ చెప్పేవాడు. "ఒకటి, ఇక్కడ బాగాలేదని ఒక్క ముక్క రాయకు, పాత ఇంటిని తిట్టేవాణ్ణి కొత్త ఇంట్లోకి ఎవడూ రానివ్వడు. రెండు, అక్కడేం కావాలో పేరుపెట్టి రాయి. ఊరికే ఇష్టం ఇష్టం అంటే ఎవడూ నమ్మడు, గది పేరు రాయి, చూసిన రోజు రాయి, తారీఖులు వెయ్యి. మూడు, మార్కులు జారనివ్వకు. అన్నిటికన్నా ముఖ్యం, వెళ్ళాలనుకున్నచోటికి వెళ్ళాలంటే ముందు ఉన్నచోట పాతుకుపోవాలి, నలుగురు మాస్టార్లకి నీ మొహం తెలియాలి, నువ్వు పోతే ఇక్కడో ఖాళీ కనబడాలి. కానీ ఆవిడ వద్దు తల్లీ. ఆవిడ పోయినేడు ఒకడికి ఏం రాసిందో తెలుసా? ఈ విద్యార్థి సమయానికి వస్తాడు. అంతే. కింద సంతకం." నిజమే. కానీ దరఖాస్తులో అడిగింది ఏమిటి, మీ పనిని స్వయంగా చూసినవారు అని కదా. తన పని చూసినవాళ్ళు ఇంకెవరున్నారు. తన పని చూసినవాళ్ళే తన తప్పూ చూశారు, అదీ చిక్కు.

ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇది వంకర, కుడివైపు. ఆ గదిలో ఎంత చల్లగా ఉండేదో. రెండేళ్ళ కిందటి వేసవిలో ఆ యూనివర్సిటీకి ఇంటర్వ్యూకని వెళ్ళి, పిలిచేదాకా ఊరుకోలేక వరండాల్లో తిరుగుతూ తిరుగుతూ ఆ తలుపు తెరిచి ఉంటే తొంగిచూసింది. పొడుగాటి గది, నేల నుంచి కప్పుదాకా చెక్క సొరుగులు, ఒక్కో సొరుగుకీ చిన్న ఇత్తడి పిడి, ఎండిన ఆకుల వాసన, ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుని తాళాలగుత్తి పట్టుకున్న ఒకావిడ. పొమ్మనలేదు. "రా, చూస్తావా?" అని ఒక సొరుగు లాగింది. నల్లగా, మిరియాల కన్నా కొంచెం పెద్ద గింజలు. ఏదో అడవిచెట్టువి, నేను పుట్టకముందు ఏరుకొచ్చారు, అంది. చచ్చిపోయాయా అని అడిగితే ఆవిడ నొచ్చుకుంది, ఇంట్లో పెద్దవాళ్ళ గురించి అనకూడని మాటేదో అన్నట్టు. "చావడమేంటి, నిద్రపోతున్నాయి. లేపడం మాకెవరికీ ఇంకా చేతకాలేదు. నువ్వొచ్చి లేపు." అంతే ఆవిడ అన్నది. ఆ మాట వచ్చినవాళ్ళందరితోనూ అని ఉంటుంది, ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటుంది. ఈ పిల్ల మాత్రం ఆ మాట పట్టుకుని రెండేళ్ళు బతికింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, స్నానానికి నీళ్ళు పట్టుకుంటున్నా, నువ్వొచ్చి లేపు, నువ్వొచ్చి లేపు. "ఎప్పుడు చూసినా ఆ గదేనటే?" అంటుంది అమ్మ, ఆస్పత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని. "కట్టుకున్న మొగుణ్ణి కూడా ఎవరూ అంతలా తలుచుకోరమ్మా." తలుచుకోదా మరి. వెళ్ళి చూసి, తాకి, వాసన పీల్చి, ఇక మనదే అనుకున్నాక చేజారినదాన్ని తలుచుకోకుండా ఉండడానికి మనసేమన్నా ఇస్త్రీ బట్టా, మడతపెట్టి బీరువాలో పెట్టడానికి.

మొదటి చుట్ట తొంభైఒకటి. రాసింది. రెండోది విప్పింది. గోడ అవతల ఇప్పుడు వరసగా పడుతున్నాయి అక్షరాలు, గట్టిగా, ఒక దాని వెనక ఒకటి. రాసెయ్యండి మేడమ్, సమయానికి వస్తుంది అనైనా రాయండి, అది అబద్ధం కాదు. ఒకటి, రెండు. అక్కడ నలభై సీట్లు, ఎంపిక జాబితాలో తన నంబరు నలభై మూడు. ముగ్గురు మనసు మార్చుకుంటే చాలు, నలభైమందిలో ముగ్గురు మార్చుకోరా, తప్పకుండా మార్చుకుంటారు అని అందరూ అన్నారు. ఇక్కడ చేరిపోయి, పాఠాలు మొదలై, మొదటిసారి గోధుమ చుట్టలు చుట్టి పెట్టాక కూడా ఆశ చావలేదు. ఆఖరి జాబితా వేసిన రోజు, సరిగ్గా ఆ చుట్టలకి ఎనిమిదో రోజు, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి ఆ గేటు ముందు నిలబడింది. కాపలా ఆయన లోపలికి రానివ్వలేదు, జాబితా ఇక్కడే అతికిస్తారమ్మా ఉండు అన్నాడు. పన్నెండింటికి అతికించారు. ఇద్దరు మార్చుకున్నారు. నలభై రెండో నంబరు దాకా వచ్చి ఆగింది జాబితా. ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది, వెనక ఇంకో కాగితం అంటుకుని ఉందేమోనని గోరుతో అంచు లేపి కూడా చూసింది. సాయంత్రం చీకటిపడే వేళకి తిరిగి వచ్చి, ల్యాబు మూసేస్తుంటే, చుట్టలు విప్పకుండానే రిజిస్టరు తెరిచి రాసింది. తొంభైరెండు. ఎందుకు తొంభైరెండు అంటే ఏం చెబుతుంది, పక్కవాళ్ళందరివీ తొంభై చుట్టుపక్కలే ఉన్నాయి, అదో నమ్మించే అంకె, ఇక ఆ రోజు గోధుమ మొలిస్తేనేం, మొలవకపోతేనేం.

అయ్యో, మేడమ్ సంగతి అప్పటికి తెలిస్తే కదా. కొత్తగా వచ్చిన క్లాసులో ఏటా ఎవరికో ఒకరికి, ఎవరికన్నది చీటీ తీసి, ఓవెన్లో గంటసేపు పెట్టిన గింజలిస్తారు మేడమ్. పైకి ఏమీ తెలియదు, అన్ని గింజల్లాగే ఉంటాయి. అవి ఏ జన్మకీ మొలవవు. బుద్ధిగా లెక్కపెట్టినవాడు సున్నా అని భయపడుతూ రాస్తాడు, మేడమ్ శభాష్ అంటారు. ఆ ఏడు చీటీలో ఈ పిల్ల పేరు వచ్చింది. మర్నాడు క్లాసు నిండా ఉండగా మేడమ్ రిజిస్టరు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "వేయించిన గింజలు నూటికి తొంభైరెండు మొలిపించావా అమ్మాయ్? నీ చేతి చలవ చాలా గొప్పది. కాస్త నా గుమ్మం ముందున్న ఎండిపోయిన చెట్టు మీద కూడా చెయ్యి వేసి వెళ్ళు," అన్నారు. గది గదంతా గొల్లుమంది. భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది. ఆ రోజు నుంచి ఈ పిల్ల పేరు తొంభైరెండు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కడికి తప్ప ఇంకెక్కడికీ రాదు. ఏయ్ తొంభైరెండూ, క్యాంటీన్‌కి వస్తావా. తొంభైరెండూ, నీ నోట్సు ఇస్తావా. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత పిలిస్తే పలకడం అలవాటైపోయింది. ఆ రోజు ఎక్కడికి వెళ్ళావని మాత్రం మేడమ్ అడగలేదు. అడిగితే చెప్పేసేది. అడగలేదు గనక ఇప్పటిదాకా గొంతులోనే ఉండిపోయింది.

రెండోది ఎనభైతొమ్మిది. మూడోది. ఇవి బలంగా ఉన్నాయి, వేళ్ళు కాగితంలోకి దిగిపోయి లాగితే వదలడం లేదు. నెమ్మదిగా, నెమ్మదిగా. ఆ తర్వాత నెల రోజులు మేడమ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు, తను లెక్కపెట్టిన ప్రతి చుట్టనీ వెనకాలే మళ్ళీ లెక్కపెట్టేవారు, తిట్టేవారు కాదు, మాట్లాడేవారే కాదు. తిడితే ఎంత హాయిగా ఉండేది. ఒక రోజు ఆ స్టూలు రాలేదు. మర్నాడూ రాలేదు. కోపమేమో అనుకుంది, ఏమీ కాదు, మేడమ్ తన బల్ల దగ్గర టీ తాగుతూ పేపరు చదువుకుంటున్నారు. ఇక సీనియర్ చెప్పినట్టు పాతుకుపోవడం మొదలుపెట్టింది. వెళ్ళిపోవడానికే సుమా. మొదటి ఏడాది పిల్లలకి చుట్టలు చుట్టడం నేర్పింది, పాత నమూనాల పెట్టెలన్నీ దులిపి చీటీలు అంటించింది, సాయంత్రాలు కూర్చుంది, సెలవుల్లో వచ్చింది. చేసినదంతా దరఖాస్తులో ఒక్కో వాక్యం అవుతుందని చేసింది. కానీ చేస్తూ చేస్తూ ఏం జరిగింది, తలుపు వెనక మూడో కొక్కెం తన కోటుదైపోయింది, కిటికీ పక్క స్టూలు తనదైపోయింది, చెవి విరిగిన నీలం కప్పు ఇంకెవరూ తాగని కప్పైపోయింది. మొన్న మొదటి ఏడాది పిల్లొకతి ఆ స్టూలు మీద కూర్చుంటే గుండె చివుక్కుమంది. వెళ్ళిపోయేదానివి నీకెందుకే అని తనని తానే తిట్టుకుంది. ఇదేం చోద్యమో, అక్కడికి పోవాలని ఇక్కడ వేళ్ళు దించితే ఇప్పుడు రెండు వైపులా లాగుతోంది. అక్కడి గదీ కావాలి, ఇక్కడి కొక్కెమూ కావాలి. "అంతేలే," అంది అమ్మ, "నాకు ఇద్దరు చెల్లెళ్ళు. ఏ ఊళ్ళో ఉంటే రెండోదాని ఊరి మీద బెంగ. నువ్వెళ్ళి రా ముందు, బెంగ ఎక్కడైనా దొరుకుతుంది." మూడోది తొంభై.

నాలుగో చుట్ట విప్పేసరికి చప్పుడు ఆగింది. అయిపోయిందా? కాదు, కుర్చీ జరిగింది. ఇనప బీరువా తలుపు కిర్రుమంది. ఆ బీరువాలో పాత రిజిస్టర్లు తప్ప ఏమీ లేవు. ఒకటి, రెండు. రిజిస్టరెందుకు ఇప్పుడు? మూడు. పేజీలు తిప్పుతున్న చప్పుడు, పెద్ద పేజీలు, తొందరలేకుండా. నాలుగు, ఐదు, ఎడమవైపు, ఎడమవైపు. మేడమ్‌కి ఇచ్చిన కాగితాల్లో ఆ రెండు పేజీలూ ఉన్నాయి కదా, ఎందుకు మారాలనుకుంటున్నారు అన్నవి, చదివి రాస్తానమ్మాయ్ అన్నారు కదా. పదకొండుసార్లు తిరగరాసిన ఆ పేజీల్లో గది ఉంది, సొరుగులున్నాయి, నిద్రపోయే గింజలున్నాయి, ఇంకా, ఇంకా ఏమున్నాయి. తారీఖులు వెయ్యి అన్నాడు సీనియర్. వేసింది. ఫలానా నెల ఫలానా తేదీన ఆఖరి జాబితా కోసం మీ గేటు ముందు పొద్దుటి నుంచి నిలబడ్డాను అని, ఎంత ఆశో తెలియాలని, అంకెలతో సహా వేసింది. ఆ తారీఖే రిజిస్టర్లో ఉంది. ఆ తారీఖున తను ఈ గదిలో కూర్చుని వేయించిన గింజలు లెక్కపెట్టినట్టుగా ఉంది. మేడమ్ ఇంకేం మరిచిపోయినా తారీఖు మరిచిపోరు. చేతులు వాటి మానాన అవి గింజలు ఎత్తుతున్నాయి, పెడుతున్నాయి, నోరు అంకెలు పలుకుతూనే ఉంది, ముప్ఫైనాలుగు తర్వాత ముప్ఫైనాలుగు మళ్ళీ అందేమో కూడా తెలియదు. రాస్తున్నారు ఇప్పుడు, ఆగకుండా రాస్తున్నారు, ఇంత పొడుగు ఉత్తరం మేడమ్ జన్మలో రాసి ఉండరు. పోయింది. గది పోయింది, సొరుగు పోయింది, స్వెట్టరు ఆవిడ పోయింది. అబద్ధం లెక్క రాసేదాన్ని విత్తనాల దగ్గరికి ఎవరు రానిస్తారు, నేనైనా రానివ్వను. అమ్మా, ఉన్నదీ పోయింది ఉంచుకున్నదీ పోయిందే. ప్రింటరు గరగరమంది. చూసుకుంటే కాగితం ఖాళీగా ఉంది. మొలకలన్నీ ఎత్తేసింది, మంచివీ వంకరవీ అన్నీ ఎడంవైపు ఒకే కుప్పలో పడి ఉన్నాయి, ఎన్నో తెలియదు. అడుగుల చప్పుడు. తొంభై ఒకటి, ఎనభై తొమ్మిది, తొంభై. నాలుగోది మాత్రం ఎక్కడికి పోతుంది. తొంభై, అని రాసేసింది.

మేడమ్ గుమ్మంలో నిలబడ్డారు, చేతిలో ఒకే కాగితం. పది నిమిషాలు తక్కువ నాలుగున్నర. "ఇలాంటివి కవర్లో పెట్టి అతికించి ఇవ్వాలంటారు గానీ," అన్నారు, "నీ వెనక రాసేదేదైనా నీ ముందూ చెప్పగలను. చదువుకో." కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. ఆ పిల్ల నిలబడే చదివింది.

'ఈ విద్యార్థిని మొదటి సంవత్సరంలో, వేయించిన గోధుమలు నూటికి తొంభైరెండు మొలిచాయని రాసింది. ఆ రోజు తను ఇక్కడ లేదు. ఎక్కడుందో నేను అడగలేదు, తను చెప్పలేదు. మీ గేటు ముందు నిలబడి ఉందని ఈ రోజే, తారీఖు చూసి తెలుసుకున్నాను. ఆ తర్వాత ఒక నెలపాటు తను లెక్కపెట్టిన ప్రతిదీ నేను మళ్ళీ లెక్కపెట్టాను. అటుపైన రెండేళ్ళలో సుమారు నాలుగు వందల చుట్టలు లెక్కపెట్టింది. వాటిలో ఒక్కదాన్నీ నేను మళ్ళీ చూడలేదు, అవసరం కలగలేదు. తను వేసిన అంకె కింద నేను చూడకుండా సంతకం పెడతాను. ఈ డిపార్ట్‌మెంటులో ఇంకెవరికీ అలా పెట్టను. ఈమెను మీరు తీసుకుంటే మాకు లోటు.'

మాకు లోటు. ఆ రెండు మాటల దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి. అడగలేదని రెండేళ్ళు బాధపడ్డాను, అడగక్కర్లేదనుకున్నారా మేడమ్, అని కాళ్ళ మీద పడిపోవాలనిపించింది, కాగితం కళ్ళకద్దుకోవాలనిపించింది. ఈ ఉత్తరం చాలు, వ్యాను ఎక్కిస్తే చాలు, ఈ ఒక్క కాగితానికి ఆ గది తలుపు తెరుచుకుంటుంది. కుడిచేతి పక్కన లెక్కల చీటీ ఉంది. మేడమ్ అలవాటుగా జేబులోంచి పెన్ను తీసి చీటీ మీదికి వంగారు, చూడకుండానే. నాలుగో అంకె ఇంకా తడారలేదు.

"వద్దు మేడమ్."

మేడమ్ తలెత్తారు.

"నాలుగోది మళ్ళీ లెక్కపెట్టాలి."

"ఎందుకు?"

"తొంభై అని ఊహించి రాశాను మేడమ్. బీరువా చప్పుడు విని... లెక్క పోయింది. అన్నీ కలిపేశాను."

మేడమ్ గోడ గడియారం వైపు చూశారు. బల్ల మీది కుప్ప వైపు చూశారు. తర్వాత ఆ పిల్ల చేతిలోంచి ఉత్తరం తీసుకున్నారు, బల్ల మీదున్న కవరూ తీసుకున్నారు, పెన్ను జేబులో పెట్టుకున్నారు. "మరి లెక్కపెట్టు," అని బయటికి వెళ్ళిపోయారు.

ఇంకేముంది, చింపేయడానికే. చింపేయాలి, న్యాయం అదే, ఒక్కదాన్నీ మళ్ళీ చూడలేదు అన్న వాక్యం కింద ఇప్పుడు ఎలా సంతకం పెడతారు. నా నోటికి నేనే తాళం వేసుకుని ఉంటే సరిపోయేది, ఎవరికి తెలుస్తుంది, ఒకటో రెండో తేడా. ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది. కొత్త తడికాగితం పరిచింది, కుప్పలోంచి మొదటి మొలక ఎత్తింది, వేరు చూసింది, మొన చూసింది, ఎడంవైపు. ఒకటి. గడియారం చూడకు. ఇరవై రెండు, ఇరవై మూడు. ఆ నల్లగింజలు ఎన్నేళ్ళైనా ఆగుతాయి, వాటికి తొందర లేదు, తొందరంతా మనకే. ఇది వంకర. నలభై. ఈ కిటికీ, ఈ వెలుగు, ఈ తడికాగితం వాసన, వెళ్ళినా బెంగే, ఉన్నా బెంగే. కింద హారన్ మోగింది. వ్యాను. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. కిటికీ అంచునుంచి గేటు కనబడుతుంది, తల ఇంత తిప్పితే చాలు. తిప్పింది, ఒక్క రెప్పపాటు. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా ఇంటికి వెళ్ళేటప్పుడు తప్ప మెట్లు దిగని మేడమ్, మూడంతస్తులు దిగివెళ్ళి, వ్యాను తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. డ్రైవరు తల బయటికి పెట్టి ఏదో అంటున్నాడు, మేడమ్ నింపాదిగా ఏదో చెబుతున్నారు. ఇంకో చేతిలో కవరు ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నీళ్ళు తిరిగితే వేరు సరిగ్గా కనబడదు, భుజంతో తుడుచుకుని మళ్ళీ తల వంచింది. చూస్తే లెక్క పోతుంది. నలభై తొమ్మిది దగ్గర ఉన్నాను, నలభై తొమ్మిదే, అవును. యాభై. రెండోసారి హారన్ మోగింది, చూడలేదు. డెబ్భై. మూడోసారి మోగింది. ఎనభై ఐదు. ఇక కుప్పలో ఏడెనిమిది ఉన్నాయి. ఆఖరిది ఎత్తి, వేరు చూసి, మొన చూసి, ఎడంవైపు పెట్టి, ఉన్నచోటే కొయ్యబారిపోయింది. కాదు, అలా కాకూడదు. కుప్పని పదులు పదులుగా పేర్చి మళ్ళీ చూసింది. తొమ్మిది వరసలు, పక్కన రెండు. కుడివైపువీ గిన్నెలోవీ కలిపితే ఎనిమిది. వందకి వంద సరిపోయింది. ఎవరు నమ్ముతారు దీన్ని, తొంభైమూడని రాస్తే బతికిపోతాను, తొంభైఒకటని రాసినా బతికిపోతాను. తొంభై కొట్టేసి, కింద ఉన్నది ఉన్నట్టు రాసి, చీటీ పట్టుకుని మెట్లన్నీ దూకుతూ దిగింది.

"ఎంతసేపండీ మేడమ్, నాకింకా నాలుగు చోట్లున్నాయి," అంటున్నాడు డ్రైవరు. మేడమ్ చెయ్యి వ్యాను తలుపు మీదే ఉంది.

"ఎంత?" అన్నారు ఆ పిల్లతో.

ఆ పిల్ల రొప్పుతూ చీటీ చాచింది. "తొంభైరెండు మేడమ్."

మేడమ్ నిజమేనా అని అడగలేదు. చీటీ తీసుకుని, వ్యాను బానెట్ మీద పరిచి, అంకె వైపు చూడకుండా కింద సంతకం పెట్టారు. ఉత్తరం కవర్లో పెట్టి, అంచు తడిపి అతికించి, బొటనవేలితో గట్టిగా ఒత్తి ఆ పిల్లకి అందించారు. "నీ కవరు, నువ్వే ఇవ్వు."

ఆ పిల్ల వ్యాను కిటికీలోకి కవరు చాచింది. డ్రైవరు అందుకుని లాగాడు, రాలేదు. మళ్ళీ లాగాడు. "ఏమ్మా, ఇస్తారా ఇవ్వరా?" అన్నాడు.

"ఇస్తుంది," అన్నారు మేడమ్, "ఒక్క నిమిషం ఆగు."